మూడు, ఆరు, తొమ్మిది

ఎన్‌బీఏ 2కే అనే బాస్కెట్‌బాల్ వీడియో గేమ్ ఏటా సెప్టెంబరులో దిగుతుంది. వినాయకుడూ ఇంచుమించు అప్పుడే దిగుతాడు. 2024లో అయితే ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఆరో తారీకు శుక్రవారం గేమ్, ఏడో తారీకు శనివారం చవితి. గుంటూరు బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో పందిరి వేశారు. సరిగ్గా ఆ పైన, మూడో ఫ్లోర్లో మా ఆయన గేమ్ పెట్టారు.

ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తారు. కాలేజీ రోజుల్లో బాస్కెట్‌బాల్ ఇరగదీసేవారట. ఆ సంగతి ఆయన నోటనే విన్నాను, సాక్షులెవరూ ఇంతవరకు తారసపడలేదు. గేమ్ ఆడే ప్లేస్టేషన్ కొన్నది మాత్రం తొమ్మిదో తరగతి చదివే మావాడి పేరు మీద.

ఈ గేమ్ తయారుచేసేవాళ్ళకి మా ఆయనంటే ఏదో కక్ష ఉందని నా అనుమానం. ఆయన చెయ్యి ఒక పద్ధతికి అలవాటు పడేసరికి కొత్తది వచ్చి ఆ పద్ధతి మార్చేస్తుంది. 2022లో వచ్చిన 2కే23లో అడ్రినలిన్ బూస్టులని చిన్న గీతలు మూడు పెట్టారు. బంతి కొడుతూ దూకుడుగా అటూ ఇటూ మెలికలు తిరిగితే ఒక్కో గీతా ఖర్చవుతుంది. మూడూ అయిపోతే మనిషి నీరసపడతాడు. అప్పటిదాకా మా ఆయన ఎత్తుగడ ఒక్కటే, ఆపకుండా మెలికలు తిరిగి ఎదుటివాడికి కళ్ళు తిరిగేలా చేయడం. ఆ ఏడాది కళ్ళు తిరిగింది ఆయన మనిషికే.

2కే24లో ప్రోప్లే అని, నిజం మ్యాచుల వీడియోల్లోంచి ఆటగాళ్ళ కదలికలు తీసి గేమ్‌లోకి ఎక్కించారు. మావాడు ఎగిరి గంతేశాడు. ఆయనేమో, "నేను చెప్పినట్టు కాకుండా వీడికి అలవాటైనట్టు వీడు నడుస్తాడేంట్రా?" అని సణిగారు. కాపురం చేసినవాళ్ళెవరికైనా అందులో వింతేమీ కనపడదు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఈసారి 2కే25లో వచ్చిన రిథమ్ షూటింగ్ ఒక ఎత్తు. అంతకుముందు బటన్ నొక్కిపట్టి, సరైన క్షణంలో వదిలితే బంతి బుట్టలో పడేది. బల్లకింద జీడిపప్పు ప్లేటు పెట్టుకుని ఒక చేత్తో కూడా ఆడేవారు. ఇప్పుడు కంట్రోలర్ మీద కుడివైపు స్టిక్కుని కిందికి లాగాలి, ఆటగాడు బంతి వదిలే వేళకి పైకి నెట్టాలి. వేళ ఒక్కటే కుదిరితే చాలదు. స్టిక్కు కదిపే వేగం ఆ ఆటగాడు బంతి వేసే తీరుకి తగ్గట్టుండాలి. ఒక్కొక్కడిదీ ఒక్కో లయ. పాత బటన్ తీసెయ్యలేదు, కావాలంటే దాంతోనే ఆడుకోవచ్చు. కానీ మావాడు, "బటన్ చిన్నపిల్లలకి నాన్నా" అన్నాడు. అంతే, ఆయన స్టిక్కు వదిలితే ఒట్టు.

ఆ వారమంతా కింద నుంచి డప్పుల మోత. ఆయన బొటనవేలు స్టిక్కు మీద ఉంటుంది గానీ, అది కొట్టేది డప్పు దెబ్బే. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చరిత్రలో అందరికంటే ఎక్కువ మూడు పాయింట్ల బుట్టలు వేసిన స్టెఫెన్ కరీ, మా హాల్లో మాత్రం రింగు తగలడానికే మొహం వాచిపోయాడు. కిటికీలు మూశారు, చెవుల్లో దూది పెట్టుకున్నారు. ఇంట్లో నేలే అదురుతుంటే దూది ఏం చేస్తుంది?

నిమజ్జనం నాడు, ఆదివారం సాయంత్రం, లడ్డూ వేలం. నేను కింద ఉన్నాను. తండ్రీకొడుకులు పైనే ఉండిపోయారు, "ఈ ఒక్క మ్యాచ్" అని. అసోసియేషన్ సెక్రటరీ గారు మైకు పట్టుకుని, పాట అందరికీ వినపడాలని డప్పులవాళ్ళని ఆపమన్నారు.

వారం రోజుల్లో మొదటిసారి మా వీధికి నిశ్శబ్దం వచ్చింది. ఉక్కకి పైన కిటికీ తెరిచినట్టున్నారు.

పాట 1,116 దగ్గర మొదలైంది. లడ్డూ ఏటా గ్రౌండ్ ఫ్లోర్ రిటైర్డ్ తహసీల్దారు గారిదే, అది అందరికీ తెలుసు. ఎవరో రెండు వేలన్నారు. ఆయన తాపీగా, "రెండువేల ఐదొందలు" అన్నారు. సెక్రటరీ గారు "ఒకటోసారి" అనబోతుండగా పైనించి కేక.

"మూడూ!"

అందరి తలలూ లేచాయి. "మూడు వేలు! 302 గారు!" అన్నారు సెక్రటరీ గారు. నాకు అర్థమైంది. కానీ నా పక్కనున్న వదిన, "చెప్పనేలేదేంటి, ఏమైనా విశేషమా?" అని చెయ్యి పట్టుకుంది. నేను నోరు తెరిచేలోగా తహసీల్దారు గారు పౌరుషంగా నాలుగు వేలకి వెళ్ళిపోయారు.

"ఆరూ!"

పందిట్లో ఈలలు. నేను మెట్లవైపు నడవబోతే, "కంగారుపడకమ్మా, పాడనీ, దేవుడి సొమ్ము" అని పెద్దావిడ ఒకామె కూర్చోబెట్టింది. తహసీల్దారు గారు కండువా సర్దుకుని, ఒకసారి వాళ్ళావిడ మొహం చూసి, ఆరువేల ఐదొందలన్నారు. గొంతులో పాత అధికారం కొంచెం తగ్గింది.

"తొమ్మిదీ! చూశావురా, తొమ్మిదీ!"

ఇంకెవరూ నోరెత్తలేదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. కొబ్బరికాయ పగిలింది, డప్పులు ఒక్కసారిగా అందుకున్నాయి. కుర్రాళ్ళు పరిగెత్తుకెళ్ళి మా ఆయన్ని భుజాల మీద మోసుకొచ్చారు. లుంగీ, బనీను, చేతిలో కంట్రోలర్. ఎందుకు మోస్తున్నారో తెలియదు పాపం. తన మూడు బుట్టల సంగతి అపార్ట్‌మెంటంతా చూసిందనే అనుకున్నారు, చెయ్యి కూడా ఊపారు.

తహసీల్దారు గారు పెద్దమనసుతో శాలువా కప్పి, "ఏం గుండె ధైర్యమండీ! మూడుకి మూడు పెంచుకుంటూ పోయారు, ఎలా?" అని అడిగారు.

"ఏం లేదండీ, వారం నుంచి చేస్తున్నా, డప్పులు ఆగాక చెయ్యి కుదిరింది" అన్నారు మా ఆయన వినయంగా.

సెక్రటరీ గారు రసీదు పుస్తకం తీసి, "302, తొమ్మిది వేలు. క్యాషా, స్కానరా అండీ?" అన్నారు. మా ఆయన నావైపు చూశారు. నేను వినాయకుడి వైపు చూశాను.

మావాడు లడ్డూ తుంచుకుంటూ, "నాన్నా, మనం మ్యాచ్ పాజ్ చెయ్యలేదు" అన్నాడు.