ఒకటో క్లాసు కుర్రాడి నేరచరిత్ర

ఏప్రిల్ రెండో వారం. వర్జీనియాలోని ఆష్‌బర్న్. పిల్లలు పడుకున్నారు, మనవాడు టాక్స్ సాఫ్ట్‌వేర్ తెరిచాడు. డబ్ల్యూ-2లు (జీతం కాగితాలు), బ్యాంకు వడ్డీ, షేర్ల లెక్కలు అన్నీ వాటంతటవే దిగిపోయాయి. తెర పైన ఓ మూల ఫెడరల్ రిఫండ్ 3,100 డాలర్లని పచ్చగా వెలుగుతోంది. మిగిలింది ఒక్క పనే. డిసెంబర్‌లో పిల్లలిద్దరి 529 కాలేజీ అకౌంట్లలో చెరో నాలుగు వేలు, మొత్తం 8,000 వేశాడు. వర్జీనియా రాష్ట్ర పన్నులో దానికి డిడక్షన్, అంటే ఆదాయంలోంచి మినహాయింపు, ఉంది, అకౌంటుకి ఏడాదికి 4,000 దాకా. అక్కడ 17,000 దాటిన ఆదాయం మీద పన్ను 5.75 శాతం. అంటే అకౌంటుకి 230, రెండింటికి 460 డాలర్లు. వదులుకునే మొత్తమా?

వెతికే పెట్టెలో 529 అని కొట్టాడు. సాఫ్ట్‌వేర్ ఎంతో ఉత్సాహంగా చెయ్యి పట్టుకుని 1099-క్యూ అనే పేజీకి తీసుకెళ్ళింది.

కొంప మునిగింది ఇక్కడే. 529 అన్నది ఫెడరల్ ఆదాయపన్ను చట్టంలో ఒక సెక్షన్ నెంబరు, 1996లో వచ్చింది. ఆ అకౌంట్‌లో డబ్బు వేసినందుకు ఫెడరల్ ప్రభుత్వం పైసా తగ్గించదు. తగ్గించదు కాబట్టి ఫెడరల్ రిటర్న్‌లో ‘ఇంత వేశాను’ అని రాసుకోవడానికి గీత కూడా లేదు. వేసినందుకు ఇంటికి ఏ ఫామూ రాదు. ఏడాది చివర ప్లాన్ వాళ్ళిచ్చే స్టేట్‌మెంటే ఆధారం. ఫామ్ వచ్చేది డబ్బు తీసినప్పుడే, అదే 1099-క్యూ. కాబట్టి సాఫ్ట్‌వేర్‌కి 529 అనగానే తెలిసిన ప్రశ్న ఒక్కటే: ఎంత తీశారు? ‘మీరు వేసిన డబ్బు సంగతి స్టేట్ భాగంలో, అక్కడికి వెళ్ళండి నాయనా’ అని ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. ఆ స్థలంలో ‘నిపుణుడితో మాట్లాడండి’ అని డబ్బులడిగే బొత్తం పెట్టారు.

మనవాడు పగలంతా ఇతరుల కోడ్‌లో తప్పులు పట్టి జీతం తీసుకునే మనిషి. సూచనలు చదవడం నామోషీ. మొదటి పెట్టెలో 8,000 కొట్టాడు. అది తీసుకున్న మొత్తం రాయాల్సిన పెట్టె. రెండో పెట్టె ఎర్నింగ్స్, అంటే అకౌంట్‌లో పెరిగిన లాభం. ‘నేను సంపాదించిందేగా వేసింది’ అనుకుని అక్కడా 8,000 కొట్టాడు. అసలు, అంటే వేసిన సొమ్ము, రాయాల్సిన మూడో పెట్టె ఖాళీగా వదిలేశాడు. తీసుకున్నదెవరన్న చోట తన సోషల్ సెక్యూరిటీ నెంబరే ఇచ్చాడు.

పచ్చగా ఉన్న 3,100 కళ్ళముందే 540కి దిగింది. అది ఉత్తి మాయ కాదు, లెక్కే. 8,000 మీద మనవాడి శ్లాబు 22 శాతం చొప్పున 1,760, చదువుకి వాడని లాభం మీద అదనపు పన్ను 10 శాతం 800, వెరసి 2,560. పిల్లల భవిష్యత్తు కోసం దాచినందుకు ప్రభుత్వం జరిమానా వేసిందని మనవాడికి మొదట కోపం, తర్వాత చెమట పట్టాయి.

సాఫ్ట్‌వేర్ మాత్రం దయగలది. ‘ఈ డబ్బు చదువు ఖర్చులకేనా?’ అని అడిగింది. చదువుకి కాక ఇంకెందుకు? అవును. ‘విద్యార్థి ఎవరు?’ జాబితాలో ఇద్దరు పిల్లలున్నారు. మూడేళ్ళదాన్ని వదిలేసి ఆరేళ్ళ పెద్దాణ్ణి ఎంచుకున్నాడు.

‘కాలేజీ పేరు?’

పెద్దాడు ఒకటో క్లాసు. ఆ ఎలిమెంటరీ స్కూలు పేరే కొట్టాడు. ‘ఈ సంస్థ 1098-టి ఇచ్చిందా?’ అది కాలేజీలిచ్చే ఫీజుల ఫామ్. ఇవ్వలేదు. ‘సంస్థ ఫెడరల్ నెంబరు?’ దానికోసం స్కూలు వెబ్‌సైటంతా వెతికితే బస్సు టైములూ, భోజనాల మెనూ దొరికాయి. ‘విద్యార్థి కనీసం సగం లోడు కోర్సులు తీసుకున్నాడా?’ పొద్దున ఎనిమిదిన్నరకి ఎక్కిన బస్సు మూడున్నరకి దింపుతుంది, సగమేమిటి, ఫుల్ లోడే. ‘నాలుగేళ్ళ కాలేజీ చదువు అప్పటికే పూర్తయిందా?’ లేదు. దాని తర్వాత వచ్చింది అసలు ప్రశ్న.

‘ఈ విద్యార్థికి మాదకద్రవ్యాలు కలిగి ఉన్నందుకు గానీ, పంపిణీ చేసినందుకు గానీ ఫెలనీ (తీవ్రమైన) నేరం కింద శిక్ష పడిందా?’

మనలో సంబంధం చూడ్డానికి వచ్చిన పెద్దలు కూడా పెళ్ళికొడుకుని ఇంత సూటిగా అడగరు. మనవాడు తెర ముందు నుంచి లేచి పిల్లల గది తలుపు తీసి చూశాడు. నేరస్తుడు దుప్పటి కాలితో తన్నేసి, నోరు తెరుచుకుని, డైనోసార్ బొమ్మ మీద చెయ్యేసి పడుకున్నాడు. నిషిద్ధ పదార్థం దగ్గర పెట్టుకుని దొరికిపోయిన చరిత్ర మాత్రం వాడికి నిజంగానే ఉంది. పల్లీలు తేకూడదన్న లంచ్ టేబుల్ దగ్గర, తెనాలి నుంచి నానమ్మ పంపిన పల్లీ చిక్కీతో పట్టుబడ్డాడు. పక్కవాడికి సగం విరిచిచ్చాడు కూడా, అంటే పంపిణీ. టీచరు ఈమెయిలు పెట్టింది. అది ఫెలనీ కిందికి వస్తుందా అని మనవాడు ఒక్క క్షణం ఆగి ఆలోచించాడంటే, ఏప్రిల్ నెలలో మనిషి బుర్ర ఏ స్థితిలో ఉంటుందో తెలుస్తుంది.

ఆ ప్రశ్న సాఫ్ట్‌వేర్ వాళ్ళు సరదాకి పెట్టింది కాదు లెండి. కాలేజీ పిల్లల తల్లిదండ్రులకి పన్నులో 2,500 డాలర్ల దాకా తగ్గించే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ ఒకటుంది. డ్రగ్స్ కేసులో ఫెలనీ శిక్ష పడ్డవాళ్ళకి అది రాదు. దానికంటే ముందున్న హోప్ క్రెడిట్‌కి 1997లోనే ఈ షరతు పెట్టారు, అదే కొనసాగుతోంది. అంటే సాఫ్ట్‌వేర్ 529 నుంచి కాలేజీ ఖర్చులకీ, అక్కడి నుంచి క్రెడిట్‌కీ గొలుసుకట్టుగా వెళ్ళిపోయింది. పిల్లాడి పుట్టిన తేదీ మొదటి పేజీలోనే ఇచ్చాం. ఆరేళ్ళవాడు కాలేజీలో ఉన్నాడంటే అనుమానం రాని యంత్రానికి నేరచరిత్ర మీద మాత్రం ఎంత శ్రద్ధ!

ఇక వాట్సాప్ గ్రూపు. మనవాడు అక్కడ అడిగాడు. అట్లాంటా నుంచి ఒకాయన ‘ఏప్రిల్ 15 దాకా వేసుకోవచ్చన్నా, టెన్షన్ వద్దు’ అన్నాడు. జార్జియాకి నిజమే, వర్జీనియాకి డిసెంబర్ 31తో సరి. పెన్సిల్వేనియా తమ్ముడు ‘ఏ రాష్ట్రం ప్లాన్ అయినా పర్లేదు’ అన్నాడు. వాళ్ళకి పర్లేదు. వర్జీనియాలో సొంత రాష్ట్రం ప్లాన్లే, ఇన్వెస్ట్529, కాలేజ్ అమెరికా లాంటివే, చెల్లుతాయి. ఫీజు తక్కువని నెవాడాలోనో యూటాలోనో తెరిచినవాళ్ళకి సున్నా. న్యూజెర్సీ ఎడిసన్ దంపతులు ‘మాకు డిడక్షన్ పదివేల దాకా ఉంది గానీ ఆదాయం రెండు లక్షలు దాటకూడదట’ అని నిట్టూర్చారు. ఇద్దరూ ఐటీ. కాలిఫోర్నియా ఆయన తమకి డిడక్షనే లేదన్నాడు. టెక్సస్ ఫ్రిస్కో ఆయన ఎప్పట్లాగే ‘మాకు స్టేట్ టాక్సే లేదు’ అని నవ్వే బొమ్మ పెట్టాడు. ఆ బొమ్మ ప్రతి ఏప్రిల్‌లోనూ వస్తుంది. మరొకాయన నెలకి 333.33 చొప్పున పన్నెండు నెలలు వేస్తే 3,999.96 అయిందనీ, నాలుగు సెంట్లు తగ్గాయనీ గోల. రిటర్న్‌లో మొత్తాలు డాలర్లకి సరిచేస్తారు, అది నాలుగు వేలే అవుతుంది మహానుభావా.

చెత్త ఎత్తడం విడిగా ఒక పని. 1099-క్యూ పెట్టెల్లో సున్నాలు పెడితే చాలదు, ఆ ఫామ్‌నే తొలగించాలి. విద్యార్థి పేరుతో తెరుచుకున్న చదువు ఖర్చుల పేజీ దానితోపాటు పోదు, ఫామ్‌ల జాబితాలోకి వెళ్ళి దాన్నీ తీసెయ్యాలి. రిఫండ్ మళ్ళీ 3,100 చూపిస్తేనే శుభ్రమైనట్టు. ఫెడరల్ భాగం పూర్తిగా ముగించాకే స్టేట్ ట్యాబ్‌లోకి వెళ్ళాలి, వర్జీనియా లెక్క ఫెడరల్ ఆదాయంతోనే మొదలవుతుంది కాబట్టి. ఆ ట్యాబ్ నొక్కాకే స్టేట్‌కి వేరే రుసుమని తెలుస్తుంది. రిఫండ్‌లోంచి కోసుకోమంటే దానికి ఇంకో రుసుము.

లోపల సబ్‌ట్రాక్షన్లు, డిడక్షన్లు అని రెండు పేజీలున్నాయి. వినడానికి ఒకటే, కానీ 529 మొదటిదాంట్లో ఉండదు, రెండోదాంట్లో ఉంటుంది. రాష్ట్ర రిటర్న్‌కి జతచేసే షెడ్యూల్ ఏడీజేలో కోడ్ 104. లెక్కలు చూపకుండా ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకున్నా ఇది విడిగా వస్తుంది. పక్కనే ఏబుల్‌నౌ అని ఇంకో గడి ఉంటుంది, అది వైకల్యం ఉన్నవారి అకౌంట్లది, దాని పరిమితి 2,000. రాత్రి పన్నెండింటికి చాలామంది దాన్నే నొక్కుతారు. మనవాడు అది మాత్రం తప్పించుకుని, సరైన గడిలో 8,000 కొట్టి, పంపించేశాడు. వర్జీనియాకి మే 1 దాకా గడువుంది, కానీ ఓపిక్కి లేదు.

లోపల్నించి శ్రీమతి గొంతు: “ఏమండీ, స్టేట్‌ది 460 వచ్చిందా?”

“230 అంటోంది.”

“అకౌంట్లు ఎన్నని పెట్టారు?”

ఒకటి. ఒక అకౌంటుకి 8,000 అంటే సాఫ్ట్‌వేర్ 4,000 దగ్గర కోసి, మిగతా 4,000 వచ్చే ఏడాదికి తోసేసింది. వర్జీనియాలో అలా ముందుకు తోయడానికి కాలపరిమితి లేదు. కానీ వచ్చే ఏడాదీ నాలుగు వేలు వేస్తే ఆ గడి మళ్ళీ నిండుతుంది, ఈ మిగులు పిల్లాడి కాలేజీ దాకా క్యూలోనే నిలబడుతుంది. ఈలోగా సాఫ్ట్‌వేర్ మారిస్తే, చేత్తో ఎక్కించకపోతే, కొత్తదానికి ఆ మిగులు సంగతే తెలీదు. దిద్దుకోవాలంటే వేరే ఫామ్ లేదు, అదే రాష్ట్ర రిటర్న్ ఫామ్ 760 మీద ‘సవరణ’ అన్న గుండ్రం నింపి మళ్ళీ పంపాలి.

“మళ్ళీ పంపాలంటే మళ్ళీ ఆ ప్రశ్నలన్నీ అడుగుతుందా?” అని మనవాడు గొణిగాడు.

“ఏ ప్రశ్నలు?”

“ఏం లేదు. నువ్వు పడుకో.”