కడుపులో బిడ్డకు పంచాంగం చెప్పేదెవరు?

హైదరాబాద్‌లో గ్యాస్ బండ కావాలంటే బుక్ చేయాలి, తిరుమల దర్శనానికి స్లాట్ ఉండాలి, ఆదివారం ఫంక్షన్ హాల్ కావాలంటే ఆరు నెలల ముందే అడ్వాన్స్ కట్టాలి. అలాంటి ఊళ్లో పుట్టుక లాంటి పెద్ద విషయాన్ని మాత్రం ఇన్నాళ్లూ బిడ్డ ఇష్టానికి వదిలేశాం, చదువూ సంధ్యా లేని బిడ్డ ఇష్టానికి. ఇప్పుడిప్పుడే బాగుపడుతున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద నూటికి 21 కాన్పులు ఆపరేషన్‌తో జరిగితే, తెలంగాణలో 60 దాటాయి, మన ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81 దాటాయి. 10 నుంచి 15 చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది కానీ, పాపం వాళ్లు ఉండేది జెనీవాలో, అక్కడ మూఢం ఎప్పుడు వస్తుందో వాళ్లకు ఎవరు చెప్తారు?

అన్నీ ముహూర్తాల పుణ్యమే అనను. నొప్పులంటే భయం ఉంది, మొదటిది ఆపరేషనైతే రెండోదీ అదే అనే లెక్క ఉంది, డాక్టర్ల సౌకర్యం ఉంది, ఇంకేవో ఉన్నాయి. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ దారికి అడ్డంగా ఉన్నా కత్తే దేవుడు, దాని జోలికి నేను పోను. నేను మాట్లాడేది అయ్యగారు చీటీ మీద రాసిచ్చిన టైముకు కోసే ఆపరేషన్ల గురించి. వాటికి నా పూర్తి మద్దతు.

ఎందుకంటే ప్రకృతికి లెక్కలు రావు. కడుపు 280 రోజులంటారు, కానీ లెక్క మొదలయ్యేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి, అంటే మొదటి రెండు వారాలూ కడుపు లేనే లేదు. ఉద్యోగంలో చేరని వాడికి రెండు వారాల జీతం వేసినట్టు! పోనీ అలా కట్టిన డెలివరీ డేటుకైనా వస్తారా అంటే, సరిగ్గా ఆ రోజే పుట్టేవాళ్లు నూటికి నలుగురైదుగురే. లోపల జరిగేదైనా పద్ధతిగా ఉందా? పిండం పడ్డ మూడు వారాలకే గుండె కొట్టుకోవడం మొదలుపెడుతుంది, ఆ రోజు అమావాస్యో కాదో ఎవరినీ అడగదు. వేలిముద్రల గీతలు ఐదో నెలకల్లా ఖరారవుతాయి, ఆధార్ వాళ్లకు మాటమాత్రం చెప్పకుండా. ఉమ్మనీరు తాగుతుంది, అందులోనే ఒంటేలు పోస్తుంది, మళ్లీ అదే తాగుతుంది. మనం మడీ దడీ అని మాట్లాడుకునేది ఇలాంటి మనిషి కోసం.

అన్నిటికంటే మొండివి ఊపిరితిత్తులు. కడుపులో ఉన్నన్నాళ్లూ వాటి నిండా నీరే. గాలి తిత్తులు అతుక్కుపోకుండా సబ్బు నురగ లాంటి పూత ఒకటి చివరి నెలల్లో మెల్లగా తయారవుతుంది, నొప్పులు మొదలయ్యాక ఒంట్లో పుట్టే హార్మోన్లు ఆ నీటిని ఇంకిపోయేలా చేస్తాయి. అందుకే నొప్పులు రాకుండా, 39 వారాలు నిండకుండా కోసి తీస్తే కొందరు పిల్లలకు ఆయాసం వస్తుంది, బాక్సులో పెట్టాల్సి వస్తుంది. కాబట్టి ఆగమంటారు డాక్టర్లు. సరే, ఆగుదాం, కానీ 39 నిండేలోపు ఆషాఢం వచ్చిపడితే? రాజయోగంలో పుట్టి నాలుగు రోజులు బాక్సులో పడుకుంటే నష్టమేంటి? రాజులు పడుకోరా?

మా అక్కదీ ఇదే వాదన. మా మేనకోడలికి 38 వారాలు రాగానే అయ్యగారు గురువారం పొద్దున 9:12 నుంచి 9:36 అని రాసిచ్చారు. డాక్టరమ్మ ఇంకో వారం ఆగుదామంది, బావ నాలుగుసార్లు తిరిగి ఒప్పించాడు. తీరా చూస్తే అదే పొద్దున, అదే ఇరవై నాలుగు నిమిషాలకు ఇంకో రెండు కుటుంబాలు కూడా చీటీలు పట్టుకుని ఉన్నాయి, ఆపరేషన్ థియేటర్ మాత్రం ఒక్కటే. ఒకే పంచాంగం చూస్తే ఒకే టైము వస్తుంది కదా మరి! ముందు ఎవరిదని ముగ్గురు కాబోయే తాతలు రిసెప్షన్ దగ్గర వాదించుకుంటుంటే నేను చూశాను, ప్లాటు రిజిస్ట్రేషన్ దగ్గర కూడా అంత పట్టుదల ఉండదు.

బిడ్డ మాత్రం సోమవారం రాత్రే బయల్దేరింది. నొప్పులు తెల్లార్లూ సాగి, మంగళవారం మధ్యాహ్నం మూడు దాటేసరికి దారి పది సెంటీమీటర్లు తెరుచుకుంది. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర ఏంటో మీకు చెప్పక్కర్లేదు. అక్క లేబర్ రూమ్‌లోకి తొంగిచూసి, "మేడం, నాలుగున్నర దాకా ఆపలేరా?" అంది. నొప్పి పెరిగితే హార్మోన్ పెరుగుతుందట, హార్మోన్ పెరిగితే నొప్పి పెరుగుతుందట, బిడ్డ బయటపడేదాకా ఆ చక్రం ఆగదట. ఆర్టీసీ బస్సు నయం, చెయ్యెత్తితే అప్పుడప్పుడైనా ఆగుతుంది. మా మేనకోడలు మాత్రం "అమ్మా, నువ్వు ముందు బయటికి నడువు" అని ఒక్క మాటే అంది.

పాప పుట్టింది, గట్టిగా ఏడ్చింది, ఆయాసం లేదు, బాక్సు లేదు. ఇంట్లో మాత్రం చావు కబురు విన్నట్టు కూర్చున్నారు.

అప్పుడు మొదలైంది అసలు పని. జాతకానికి పుట్టిన వేళ ఏది? తల కనబడిన క్షణమా, అది 4:21. ఒళ్లంతా బయటికొచ్చి భూమ్మీద పడిన క్షణమా, అది 4:23, పడింది భూమ్మీద కాదు సిస్టర్ చేతిలో, అది వేరే సంగతి. బొడ్డు కోసిన వేళా? నిమిషం ఆగి కోశారు కాబట్టి 4:24. ఏది తీసుకున్నా రాహుకాలమే. చివరికి అక్కకు వెలిగింది, మాయ ఎప్పుడు పడింది? సిస్టర్ కాగితం చూసి 4:34 అంది. అంతే, మాయ పడితేనే కాన్పు పూర్తయినట్టని తీర్మానం చేసి, అయ్యగారికి అదే టైము పంపారు. అయ్యగారు కూడా కాదనలేదు, ఐదు పేజీల జాతకం వాట్సాప్‌లో పెట్టారు, పాప కలెక్టర్ అవుతుందట.

సాయంత్రం టీ తాగుతూ నేను ఆ సిస్టర్‌నే అడిగాను, లేబర్ రూమ్‌లో గోడ గడియారం నా ఫోన్‌తో కలవట్లేదేంటని. పది నిమిషాలు ఫాస్ట్ పెట్టుకున్నాం సార్, డ్యూటీ దిగాక బస్సు మిస్ అవ్వకూడదు కదా, అంది. ఈ సంగతి అక్కకు ఇంకా తెలియదు. జాతకం ప్రింట్ తీయించి లామినేషన్‌కు ఇచ్చింది.