చీరను ఒకసారి తిరగేసి చూడండి

నల్లగొండలోనో పాలమూరులోనో పెళ్లిబట్టలకు ఏ షాపుకు పోయినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది, "పోచంపల్లి డిజైన్ అమ్మా, చూడండి" అని. డిజైన్ పోచంపల్లిదే. చీర మాత్రం చాలాసార్లు మిల్లు గుడ్డ మీద అచ్చు వేసినది. తిరగేస్తే దొరికిపోతుంది, వెనకవైపు రంగు వెలిసినట్టుంటుంది. మగ్గం మీద నేసిన అసలు పోచంపల్లి చీరలో, అంటే ఇక్కత్‌లో, నేయకముందే నూలుకు రంగు ఎక్కుతుంది కాబట్టి రెండువైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది, దాని అంచులు నీళ్లలో నీడలా కొంచెం చెదిరి కనిపిస్తాయి. కొంతమంది దాన్ని లోపమనుకుని పక్కన పెట్టేస్తారు. అది చూసినప్పుడల్లా మాకు బాధేస్తుంది.

ఫ్యాషన్ అంటే హైదరాబాద్‌లో ర్యాంపు మీద నడిచేదని, మగ్గం అంటే సర్కారు ఆదుకోవాల్సిన పాత వృత్తి అని మనం రెండుగా విడదీసి పెట్టుకున్నాం. కానీ ఫ్యాషన్‌కు కావాల్సిన రంగు, లెక్క, ఊహ అన్నీ ఈ ఉమ్మడి రెండు జిల్లాల్లోనే ఉన్నాయి. పోచంపల్లికి, గద్వాలకు, నారాయణపేటకు జీఐ గుర్తింపు, అంటే ఈ నేత ఆ ఊరిదేనని చెప్పే సర్కారు ముద్ర, ఎప్పుడో వచ్చింది, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది.

ఆ తేలియా సంగతే చూడండి. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్లీ నానబెడతారు. ఎరుపు, నలుపు రంగులు ఆ నూలును గట్టిగా పట్టుకుంటాయి, గుడ్డకు నూనె వాసన ఉండిపోతుంది, పేరు కూడా అందుకే వచ్చింది. పడుగునూ (నిలువు పోగులు) పేకనూ (అడ్డం పోగులు) ముందే ముడులు కట్టి రంగు వేస్తారు, నేసేటప్పుడు ఆ రెండు రంగులూ అనుకున్న చోటే కలవాలి, పోగు జరిగితే బొమ్మ పోయినట్టే. ముడులు కట్టేముందు నూలును మేకుల చుట్టూ చుట్టాలి, దాన్నే ఆసు పోయడం అంటారు, దానికి ఆడవాళ్ల చెయ్యి ఒక్క చీరకే వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి పడే ఆ నొప్పి చూడలేకనే ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

ఇదంతా తెలియనివాళ్లకు ఆ ధర ఎక్కువే అనిపిస్తుంది, అందులో వాళ్ల తప్పు లేదు, ఎవరూ చెప్పలేదు.

నేతన్నలు పాత డిజైన్లే నేస్తారని కుర్రాళ్లు అంటారు. నిజమే, కానీ ఎందుకో కూడా ఆలోచించాలి. కొత్త రంగు పెట్టాలంటే ముడులన్నీ కొత్తగా కట్టాలి, ఒక పడుగు మీద ఒకటికి మించి చీరలు వస్తాయి, అవి అమ్ముడుపోకపోతే ఆ ఇంట్లో అప్పు, టెన్షన్. చూసి మెచ్చి కొనేవాళ్లు ఉన్నారన్న నమ్మకం లేకుండా అంత సాహసం ఎవరు చేస్తారు? అందుకే కొనేవాళ్ల కన్ను పదునెక్కితే మగ్గం మీద కొత్తదనం దానంతట అదే వస్తుందని మేం గట్టిగా నమ్ముతున్నాం. జాలితో కొన్న చీర బీరువాలోకి పోతుంది, తెలిసి కొన్నదాన్ని పదిమందిలో కట్టుకుంటారు.

మన ఊళ్లలో ఫ్యాషన్ డిజైనింగ్ నేర్పేవాళ్లు పిల్లలను కనీసం కొన్ని వారాలు మగ్గం పక్కన కూర్చోబెట్టాలి. బొటిక్ నడిపే అక్కచెల్లెళ్లు గద్వాల చీర అంచును జాకెట్ కోసం కత్తిరించేముందు, ఆ పట్టు అంచును నూలు ఒంటితో మగ్గం మీదే ఎలా కలిపారో ఒకసారి దగ్గరగా చూడాలి. షాపులవాళ్లు చీర మీద ధరతో పాటు నేసిన ఊరి పేరు, పట్టిన రోజులు రాయాలి, దీనికి పెద్ద ఖర్చేం లేదు.

ఈ శ్రావణంలో షాపుకు పోయినప్పుడు "ఇది ఏ ఊరి మగ్గం?" అని అడగండి. జవాబు రాకపోతే పుట్టపాక చౌటుప్పల్‌కు దగ్గరే, పిల్లలను కూడా తీసుకుని ఒక పూట పోయి రండి.