లీలామహల్ సర్కిల్‌లో స్కిన్ కలర్ లెగ్గింగ్స్

ముందే చెబుతున్నా, ఇందులో నా తప్పేమీ లేదు. ఉంటే గింటే మా అక్క కూతురిది, తిరుపతి గాంధీ రోడ్డులో లెగ్గింగ్స్ అమ్మే అబ్బాయిది, ఆ రోజు కొండకు బయల్దేరిన వీఐపీది. ఆ వీఐపీ ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. తెలిస్తే కనీసం ఓటు సంగతైనా ఆలోచించుకోవచ్చు.

మా ఆడపడుచు కూతురి నిశ్చితార్థం. గ్రూప్ ఫొటోల్లో నన్ను వెతుక్కోవాల్సి వస్తుంది, అంత పొట్టి. బీటెక్ చదువుతున్న మా అక్క కూతురు జాలిపడి క్లాసు పీకింది. "పిన్నీ, కుర్తీ ఒక రంగు, లెగ్గింగ్స్ ఒక రంగు, చెప్పులు ఇంకో రంగు వేసి మనిషిని మూడు ముక్కలు చేసుకుంటున్నావు. పైనుంచి కిందదాకా దగ్గర దగ్గర రంగులు వెయ్యి, పొడుగ్గా కనపడతావు. చుడీదార్ కట్ వద్దు, చీలమండ దగ్గర ముడతలు పడితే ఉన్న కాలు కూడా కురచగా కనపడుతుంది. యాంకిల్ లెంగ్త్ తీసుకో. కుర్తీ తొడ మధ్యలో ఆగిపోకుండా మోకాలి దాకా రావాలి. చున్నీ మాత్రం వద్దు, ఓల్డ్ లుక్ వచ్చేస్తుంది." అన్నీ మంచి మాటలే, ఆ చివరిది తప్ప.

క్రీమ్ కలర్ కుర్తీ అప్పటికే ఉంది. మోకాలి దాకా వస్తుంది, పద్ధతిగానే ఉంటుంది. కాకపోతే రెండు పక్కలా సైడ్ కట్లు నడుము దాకా ఉంటాయి.

షాపు అబ్బాయి అసలు ఆలోచించనే లేదు. "స్కిన్ కలర్ తీసుకోండక్కా, అన్నిటికీ పోతాది." వేసుకుని చూస్తానంటే, "లెగ్గింగ్స్‌కి ట్రయల్ ల్యాదక్కా, ఫ్రీ సైజు" అని మూరెడు సాగదీసి చూపించాడు. చీరకైతే పదిసార్లు భుజం మీద వేసి అద్దం ముందు నిలబెడతారు. ఒంటికి అతుక్కుపోయే గుడ్డకి మాత్రం ట్రయల్ ఉండదు! నేనూ తక్కువ తినలేదు. లోపల చెయ్యి పెట్టి సాగదీసి చూశాను. అరచేతి గీతలు కనపడితే గుడ్డ పల్చనైనట్టే, కూర్చున్నామంటే బండారం బయటపడుతుంది. గీతలు కనపడలేదు. గుడ్డ దిట్టమైనదే. మామూలుగా ఈ స్కిన్ కలర్ అనేది మన చిత్తూరు వైపు ఎవరి ఒంటికీ కలవదు. నా ఖర్మ, ఈ జత మాత్రం నా రంగులో అచ్చంగా కలిసిపోయింది. షాపు ట్యూబ్‌లైటు కింద ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

స్కూటీ మీద లీలామహల్ సర్కిల్ దగ్గరికి వచ్చేసరికి పోలీసులు తాడు కట్టి ట్రాఫిక్ ఆపేశారు. కాన్వాయ్ వస్తోందట. అప్పటికే గాలికి కుర్తీ ముందు భాగం ఒక పక్కకి, వెనక భాగం ఇంకో పక్కకి వెళ్ళిపోయాయి. ఉండే కొద్దీ ఎండ పెరుగుతోంది తప్ప కాన్వాయ్ జాడ లేదు. నా ఎడమపక్కన కొండ మీదనుంచి దిగిన బస్సు. కిటికీకి ఒకటి చొప్పున గుండ్లు, గుండ్ల మీద గంధం. పైన దర్శనానికి చీరో, లంగాఓణీయో, చున్నీతో చుడీదారో ఉండాలని నియమం కాబట్టి బస్సులో ఆడవాళ్ళంతా నిండుగా ఉన్నారు. కింద, పట్టపగలు, నడిరోడ్డు మీద, తొడ దాకా బోసికాళ్ళతో నేను. అంటే, వాళ్ళకి కనపడేది అది.

కుడిపక్కన పూలమ్మే అవ్వ. కనకాంబరాలు కడుతున్నది ఆపేసి నన్ను తేరిపార చూసింది. "ఏం పాపా, ప్యాంటు ఏసుకోను మర్సిపోయినావా?"

ఆ మాట మెల్లగా అనొచ్చు కదా. సిగ్నల్లో అందరూ ఇంజన్లు ఆపేసి ఉన్నారు. నాలుగు వైపులా వినపడింది.

"ప్యాంటే అవ్వా ఇది, లెగ్గింగ్స్" అన్నాను.

"యాడుండాది?"

ఈ ప్రశ్నకి మాటలతో జవాబు లేదు. రుజువు చూపించాలి. తొడ మీద గుడ్డని రెండు వేళ్ళతో పట్టుకుని పైకి లాగాను. ఇక్కడ కొంచెం వివరం అవసరం. ఈ గుడ్డకి సాగే గుణం ఇచ్చేది స్పాండెక్స్ అనే దారం. 1958లో అమెరికాలో డూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని తయారుచేశాడు. కాటన్‌లో నూటికి అయిదు పాళ్ళు కలిపితే చాలు, లాగినంత సాగి వదలగానే వెనక్కి వచ్చేస్తుంది. ఆ పెద్దమనిషి ఎంత దూరం ఆలోచించాడో గానీ, లీలామహల్ సర్కిల్‌లో బస్సు కిటికీ ఎత్తునుంచి చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించలేదు. నా తొడ మీది చర్మం జానెడు లేచింది. అవ్వకి సరిగ్గా కనపడాలని ఇంకాస్త లాగాను. అదీ లేచింది. వదిలాను. టప్‌మని శబ్దం.

బస్సులోంచి ఒక చిన్న గుండు కెవ్వుమంది. "అమ్మా, ఆ ఆంటీ తోలు పీక్కుంటా ఉండాది!"

అవతలి వైపు కిటికీల్లోని గుండ్లు కూడా ఈ వైపుకి వచ్చాయి. వెనకనుంచి ఎవరో "గోవిందా" అన్నారు. భక్తితో అన్నారో, నన్ను చూసి అన్నారో నిర్ధారించలేను. తాడు పట్టుకున్న కానిస్టేబుల్ నా వైపు వచ్చి, కళ్ళు మాత్రం శేషాచలం కొండల వైపు తిప్పుకుని, "మేడమ్, కాన్వాయ్ వచ్చే టైము, కొంచెం సర్దుకోండి" అన్నాడు. బండినా, నన్నా? అడగలేదు. మండుటెండలో మమ్మల్నందరినీ కట్టేసింది వాళ్ళు. అక్కడ అభ్యంతరంగా కనపడింది మాత్రం నా కాళ్ళు!

చివరికి అవ్వే దయతలిచింది. పూల మీద కప్పిన తడి గోనెపట్ట తీసి నా ఒళ్ళో పరిచింది. "సదువుకున్నోళ్ళే ఇట్ట తిరగతా ఉంటే ఇంగ మేమేం సెప్పేది" అని, దాంతో పాటు రెండు మూరల మల్లెపూలు కూడా అంటగట్టింది. బేరమాడే స్థితిలో నేను లేను. అప్పుడు వచ్చింది కాన్వాయ్. అన్ని కార్లకీ నల్లద్దాలే. లోపలివాళ్ళు దేన్నీ చూసి ఉండరు.

నిశ్చితార్థంలో సాంబారు బాగుంది. ఫొటోల్లో పొడుగ్గానే పడ్డానంట.

మర్నాడు బిల్లు పట్టుకుని ఆ షాపుకే వెళ్ళాను. కనీసం నలుపో, నేవీ బ్లూనో ఇవ్వమన్నాను. ఆ అబ్బాయి కవరు విప్పి కూడా చూడలేదు.

"ఏసుకున్న లెగ్గింగ్స్ మార్చమక్కా. కావాలంటే పైకి చున్నీ తీసుకోండి. స్కిన్ కలర్‌లో కొత్త స్టాక్ వచ్చింది."