కాస్టిక్ సోడా చిట్కా: ఇనుముకు సరే, అన్నిటికీ కాదు

పాత సామాను బాగుచేసుకునేవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరుపతి నుంచి చిత్తూరు దాకా ఒక చిట్కా తెగ తిరుగుతోంది. "ట్రంకు పెట్టె, టేబుల్ ఫ్యాను, కుట్టుమిషను, ఏదైనా సరే, మరిగే నీళ్ళలో కాస్టిక్ సోడా వేసి రాత్రంతా నానబెట్టండి. పెయింటు తొక్కలా ఊడొస్తుంది, ఏ లోహానికీ ఏమీ కాదు. పొద్దున వెనిగర్‌తో కడిగితే తుప్పు పట్టదు. నీళ్ళు కాలవలో పోసేయండి." ఇందులో నిజం ఒక్కటే. ఇనుము మీది పాత ఎనామెల్ పెయింటును కాస్టిక్ బాగానే వదిలిస్తుంది. పెయింటులోని నూనెను అది సబ్బుగా మార్చేస్తుంది కాబట్టి పట్టు పోతుంది. మిగతాదంతా సామానుకూ మనిషికీ చేటు.

"ఏ లోహానికీ ఏమీ కాదు." అల్యూమినియాన్ని కాస్టిక్ కరిగించేస్తుంది. పాత ఫ్యాను రెక్కలు చాలావరకు అల్యూమినియమే. అవి నురగలు కక్కుతూ పలచబడతాయి, వచ్చే వాయువు హైడ్రోజన్, నిప్పు తగిలితే మండుతుంది. జీఐ రేకు (జింకు పూత పెట్టిన ఇనప రేకు) మీది జింకు, ఇత్తడి గిన్నెల కళాయి, అతుకుల్లోని సీసం కూడా నిలవవు. అయస్కాంతం అంటుకుంది కదా అని ధైర్యపడొద్దు, జీఐ రేకుకూ అంటుకుంటుంది. కనపడని మూల పెయింటు గీకి, చేతికి గ్లవుజు వేసుకుని, కలిపిన నీళ్ళు ఒక చుక్క వేసి అయిదు నిమిషాలు చూడండి. బుడగలు లేచాయంటే ఆ వస్తువు బకెట్లోకి పోకూడదు. కుట్టుమిషను ఒళ్ళు పోత ఇనుమే అయినా, దాని మీది బంగారు పువ్వులు పెయింటుతోపాటే పోతాయి. మళ్ళీ రావు.

"మరిగే నీళ్ళలో వేయండి." ఇది అన్నిటికంటే ప్రమాదం. 10 లీటర్ల నీళ్ళకు అరకిలో కాస్టిక్ చాలు. కలిపేటప్పుడు దానంతట అదే నీళ్ళను సుమారు 12 డిగ్రీలు వేడెక్కిస్తుంది. మరుగుతున్న నీళ్ళలో వేస్తే పొంగి మొహం మీదికి చిమ్ముతుంది. చన్నీళ్ళు ప్లాస్టిక్ బకెట్లో పోసి, సోడాను కొద్దికొద్దిగా వేస్తూ కర్రతో కలపాలి. సోడా మీద నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు. కళ్ళజోడు, పొడుగు రబ్బరు గ్లవుజులు తప్పనిసరి. ఒంటి మీద పడితే వెనిగర్ కోసం వెతక్కండి, కుళాయి కింద కనీసం 20 నిమిషాలు కడగండి. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి బయలుదేరే ఏర్పాటు చూడండి.

"రాత్రంతా." అవసరం లేదు. గంటకోసారి ఎత్తి పుట్టీ బ్లేడుతో గీకి చూడండి, ముడతలు పడితే పని అయినట్టే. పౌడర్ కోటింగు (పొడి చల్లి వేడితో కరిగించిన పూత), ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వేసే గట్టి పెయింటు) అయితే రాత్రంతా ఉంచినా పెద్దగా కదలవు.

ట్రంకు పెట్టెల విషయంలో అసలు చిక్కు అంచు మడతల్లో ఉంది. తీగ మీద చుట్టిన అంచులోకి, రివెట్ల కిందికి కాస్టిక్ దూరి కూర్చుంటుంది. పైన ఎంత కడిగినా, కొత్త పెయింటు వేశాక వారాల తరవాత బయటికి కారి దాన్ని పొక్కులు లేపుతుంది. అందుకే ధారగా కడిగి, తిప్పి, ఆరబెట్టి, మళ్ళీ కడగాలి. పోయిందో లేదో చెప్పేది వంటింటి పసుపే. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన తెల్ల కాగితాన్ని తడి మడతకు అద్దండి. పారాణిలా ఎర్రబడితే ఇంకా కాస్టిక్ ఉంది. పచ్చగానే ఉండేదాకా కడగాల్సిందే.

"వెనిగర్‌తో తుప్పు పట్టదు." కాస్టిక్‌లో ఉన్నంతసేపు ఇనుము తుప్పు పట్టదు. కడిగిన తరవాతే మొదలవుతుంది, వెనిగర్ పులుపు మిగిలిపోతే ఇంకా తొందరగా పడుతుంది. వెంటనే గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, చల్లారాక అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో ఈ పని పెట్టుకోకపోవడం మేలు.

అల్యూమినియానికి పెయింట్ రిమూవర్ జెల్ వాడొచ్చు, డబ్బా మీద ఏముందో చదివాకే. డైక్లోరోమీథేన్ అనే ద్రావకం ఉన్నదైతే అది దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది. తిరుపతి మే ఎండలో పూసినంతసేపు పట్టదు ఆవిరైపోవడానికి. ఆ ఆవిరి మూసిన గదిలో ప్రాణాలు తీస్తుంది. తెల్లవారుజామున, ఆరుబయట, పైన పాలిథిన్ కప్పి చేయాలి.

"కాలవలో పోసేయండి." మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పదిలక్షల పాళ్ళలో 90) దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఏ పెయింటులోనైనా సీసం ఉండొచ్చనుకునే పనిచేయాలి. ఊడిన పెయింటుతోపాటు ఆ విషమూ బకెట్ నీళ్ళలోకి చేరుతుంది. గీకిన పొట్టు, అడుగున దిగిన మడ్డి మూత బిగిసే డబ్బాలో వేసి, పైన ఏముందో రాసి, మున్సిపాలిటీ వాళ్ళకు తడి, పొడి చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వండి. పిల్లలు ఆడుకునే చోట ఎండు పెయింటును ఉప్పు కాగితంతో రుద్దొద్దు, దుమ్ము నేలనంటి ఉండిపోతుంది.