పలుపు మనది, గేదె ఎవరిది?

సంతలో దళారి చేత అమ్మించిన గేదెకు అసలు యజమాని ఎవరన్న గొడవ కోర్టు దాకా ఎందుకు వెళ్తుందో నాకు అర్థం కాదు. యజమాని దళారే. ఇందులో తేల్చడానికేముంది?

తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని రేటు తేల్చేది ఆయన. అమ్మేవాడికి ఎంత చెప్పాడో కొనేవాడికి తెలియదు, కొనేవాడు ఎంతకు ఒప్పుకున్నాడో అమ్మేవాడికి తెలియదు. రెండు వైపులా కమీషన్ ఆయనకే. గడ్డి వెయ్యక్కర్లేదు, పేడ తియ్యక్కర్లేదు. ఇంత సుఖమైన యాజమాన్యం జమీందార్లకు కూడా దక్కలేదు.

మా ఊళ్లో ఒకాయనకు రెండో ఈత గేదె ఉండేది. "బావా, నువ్వెళ్లి అన్నం తిను, ఆదివారానికి డబ్బు నీ గుమ్మంలో ఉంటుంది" అన్నాడు దళారి. పలుపు ఇచ్చేస్తే ఇంట్లో పాడి పోతుందని మా వైపు నమ్మకం. అందుకని ఈయన గేదె మెడలో పలుపు విప్పి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆదివారం నాటికి పలుపు ఈయన దగ్గరుంది, గేదె పక్క మండలంలో ఉంది, దళారి ఫోన్ స్విచాఫ్‌లో ఉంది.

పలుపును ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వకీలు దగ్గరికి వెళ్లాడు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం, 27వ సెక్షన్: తనది కానిదాన్ని ఎవడైనా అమ్మితే కొన్నవాడికి హక్కు రాదు. మావాడు మీసం దువ్వాడు. వకీలు "అయితే" అన్నాడు. యజమాని తన ఇష్టంతోనే సరుకును ఏజెంటు చేతికి అప్పగించి, ఏజెంటు తన వ్యాపారం తీరులోనే దాన్ని అమ్మి, కొన్నవాడు మంచి నమ్మకంతో కొంటే ఆ అమ్మకం చెల్లుతుంది. "దొంగ తోలుకెళ్లి ఉంటే గేదె నీకే వచ్చేది. ఈ పలుపు సాక్ష్యమే, కాకపోతే నువ్వే విప్పి ఇచ్చావని సాక్ష్యం."

అంటే, గేదెను నమ్మి అప్పగించడం కన్నా దొంగలు పడేలా దొడ్డి తలుపు తీసి పడుకోవడం చట్టరీత్యా క్షేమం. రైతు సోదరులు గమనించగలరు.

మావాడు ఊరుకోలేదు, గేదె కొన్న పక్క మండలం ఆసామి మీద కేసు వేశాడు. గేదె చెవిపోగు మీద 12 అంకెలున్నాయి, పశువుల డాక్టరు రికార్డులో తన పేరే ఉంది కదా అన్నాడు. సంతలో ఎవరూ పేరు మార్పించుకోరనీ, ఆ లెక్కన ఊళ్లో సగం పశువుల్ని పాత ఆసాములకు తోలిపెట్టాలనీ అవతలి వకీలు జవాబు.

వాయిదాల మధ్య గేదె ఈనింది, పెయ్యదూడ. ఇప్పుడు దూడెవరిది? 1872 కాంట్రాక్టు చట్టం 163వ సెక్షన్‌లో ఆవూ దూడా ఉదాహరణే ఉంది: చూసుకోమని అప్పగించిన ఆవు ఈనితే, ఆవుతో పాటు దూడనూ తిరిగి ఇవ్వాలి. మావాడు దీన్ని ఇంగ్లీషులోనే బట్టీపట్టాడు. "నాకెవరూ అప్పగించలేదు, నేను కొన్నాను" అంటాడు పక్క మండలం ఆసామి, పాలు పితుక్కుంటూ.

మొన్న శనివారం దళారి మళ్లీ సంతలో కనిపించాడు. మావాడు కాలర్ పట్టుకున్నాడు.

"గేదె సంగతి తర్వాత చూద్దాం బావా. దూడ ఆడదేగా?" అంటూ దళారి తన భుజం మీది తువ్వాలు తీశాడు.