చిటికెడు సెల్యులోజ్ కలిపినంత మాత్రాన ప్లాస్టిక్ ఉక్కు కాదు

"చెక్కగుజ్జు నుంచి తీసిన సెల్యులోజ్ నానోస్ఫటికాలు ఉక్కు కంటే ఎనిమిది రెట్లు బలమైనవి. ఏ ప్లాస్టిక్‌లోనైనా చిటికెడు కలపండి, ఉక్కులా గట్టిపడుతుంది, పారేస్తే మట్టిలో కలిసిపోతుంది." ఈ మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది. సెల్యులోజ్ అంటే మొక్కల నారలో ఉండే పదార్థం, దానిలోని అతిసన్నని కడ్డీల్లాంటి ముక్కలే ఈ నానోస్ఫటికాలు. పాలిమర్లు (ప్లాస్టిక్, రబ్బరు లాంటి పొడవైన గొలుసు అణువుల పదార్థాలు) చదివే పిల్లలు కూడా దీన్ని నమ్మి ప్రాజెక్టులు మొదలుపెడుతున్నారు. అందుకే ఒక్కో మాటా విడదీసి చూడాలి.

ముందు ఆ ఎనిమిది రెట్ల సంగతి. అది లోపాలు లేని ఒక్క స్ఫటికానికి, అదీ పొడవు వెంట లాగినప్పుడు వేసిన అంచనా: సుమారు 7.5 గిగాపాస్కళ్లు (బలాన్నీ దృఢత్వాన్నీ కొలిచే ప్రమాణం). చెక్క నుంచి వచ్చే స్ఫటికం వెడల్పు 3 నుంచి 5 నానోమీటర్లు, పొడవు 100 నుంచి 200 నానోమీటర్లు. పైగా తెగకుండా తట్టుకునే బలం వేరు, సాగకుండా నిలిచే దృఢత్వం వేరు. స్ఫటికం దృఢత్వం దాదాపు 140 గిగాపాస్కళ్లు, ఉక్కుది 200. ఇక్కడ ఉక్కే ముందుంది. బరువుకు బరువు తూస్తే మాత్రం స్ఫటికానిదే పైచేయి. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.6 గ్రాములు, ఉక్కుది 7.8. ఈ గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు.

"చిటికెడు చాలు" అనే మాట దగ్గరే అసలు తప్పు ఉంది. లెక్క వేసి చూడండి. పాలీప్రొపిలీన్ అనే మామూలు ప్లాస్టిక్ దృఢత్వం సుమారు 1.5 గిగాపాస్కళ్లు అనుకుందాం. అందులో 5 శాతం ఘనపరిమాణం మేర స్ఫటికాలు వేసి, అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయనీ, ప్లాస్టిక్‌ను గట్టిగా పట్టుకున్నాయనీ ఊహించినా వచ్చేది 8 గిగాపాస్కళ్ల పైచిలుకే. నిజానికి అవి అన్ని దిక్కులకూ చెదిరి ఉంటాయి కాబట్టి ఆ లెక్క 3 లోపే ఆగుతుంది. స్ఫటికాల పొట్టితనం వల్ల ఇంకా తగ్గుతుంది. గడ్డి కలిపిన మట్టిగోడ బలం గడ్డిపరక ఒక్కదాని బలం కాదు కదా, ఇదీ అంతే.

"ఏ ప్లాస్టిక్‌లోనైనా" అన్నదీ నిలవదు. సెల్యులోజ్‌కు నీరంటే ఇష్టం, పాలిథిలీన్, పాలీప్రొపిలీన్‌లకు పడదు. ఉపరితలాన్ని మార్చకుండా పొడిగా కలిపితే స్ఫటికాలు ఉండకడతాయి. ఆ ఉండ దగ్గరే పగులు మొదలవుతుంది, అంటే బలం పెరగాల్సింది పోయి తగ్గవచ్చు. వేడితో ఇంకో చిక్కు. వీటిని ఎక్కువగా గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో తీస్తారు, దాంతో ఉపరితలంపై సల్ఫేట్ గుంపులు మిగులుతాయి. వాటి ఆమ్లగుణాన్ని సోడియం క్షారంతో తటస్థం చేయకపోతే 200 డిగ్రీలు చేరకముందే స్ఫటికం మాడడం మొదలవుతుంది. నీళ్ల సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్ కరగాలంటేనే 250 డిగ్రీలు దాటాలి.

మట్టిలో కలవడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సెల్యులోజ్ కుళ్లుతుంది, దాని చుట్టూ ఉన్న పాలీప్రొపిలీన్ కుళ్లదు.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఈ ఉక్కు గోలలో స్ఫటికాల అసలు ప్రతిభ కనబడకుండా పోతోంది. అది మెత్తటి పదార్థాల్లో బయటపడుతుంది. 1995లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు ట్యునికేట్ అనే సముద్రజీవి నుంచి తీసిన పొడవాటి స్ఫటికాలను లేటెక్స్‌లో (నీటిలో చెదిరిన పాలిమర్ కణాల పాలలాంటి ద్రవం) కలిపారు. బరువులో 6 శాతం ఉంటే చాలు, రబ్బరులా మెత్తబడిన స్థితిలో దాని దృఢత్వం వంద రెట్లకు మించి పెరిగింది. కడ్డీల్లాంటి ఆ స్ఫటికాలు ఒకదానికొకటి తగిలి, హైడ్రోజన్ బంధాలతో వలలా అల్లుకోవడమే దానికి కారణం.

హైడ్రోజెల్స్‌లోనైతే (నీటిని పట్టుకుని ఉండే మెత్తటి జెల్స్) ప్లాస్టిక్‌లో ఇబ్బంది పెట్టిన గుణమే మేలు చేస్తుంది. సల్ఫేట్ గుంపుల రుణావేశం వల్ల స్ఫటికాలు నీటిలో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి, ఉండకట్టవు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో సూదితో ఎక్కించగల జెల్‌లో వీటిని వాడారు. స్ఫటికాల మీద ఆల్డిహైడ్ గుంపులు (చురుగ్గా బంధం కట్టే అణుగుచ్ఛాలు) పెట్టడంతో అవి జెల్ గొలుసులకు రసాయనికంగా అతుక్కుని, ఊరికే కలిపిన స్ఫటికాల కంటే బాగా పనిచేశాయి. ఇలాంటి జెల్స్ దృఢత్వాన్ని కొలిచేది సాధారణంగా కిలోపాస్కళ్లలో. అక్కడ ఉక్కు ఊసే అనవసరం.

నీరు తగిలితే ఏమవుతుందో కూడా ఆ మెసేజ్ చెప్పదు. క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం బృందం 2008లో, తన చర్మాన్ని గట్టిగానూ మెత్తగానూ మార్చుకోగల సముద్ర దోసకాయను చూసి, ట్యునికేట్ స్ఫటికాలతో ఒక పదార్థం చేసింది. పొడిగా ఉన్నప్పుడు దాని దృఢత్వం 800 మెగాపాస్కళ్లు, నీరు పీల్చాక 20. స్ఫటికాల మధ్య బంధాలను నీటి అణువులు విడగొడతాయి. సీసాకు ఇది లోపమే. మెదడులో పెట్టే ఎలక్ట్రోడ్‌కు మాత్రం కావాల్సింది ఇదే: గుచ్చేటప్పుడు గట్టిగా ఉండి, లోపలికి వెళ్లాక కణజాలాన్ని గాయపరచకుండా మెత్తబడాలి.